డోలు లేని పాట

ఆ వేసవి దోసకాయలు విరగకాశాయి. కోసే ఓపికే లేకపోయింది.

మా ఆవిడ చోవాకి మూత్రపిండాలు పాడై అప్పటికి చాలా కాలమైంది. రోజు విడిచి రోజు పొద్దున్నే ఆమెని మిషను దగ్గరికి తీసుకెళ్ళాలి. ఆమె రక్తం గొట్టంలోకి పోయి, శుభ్రపడి, మళ్ళీ చేతిలోకి వచ్చేదాకా నేను బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవాలి. మధ్య రోజుల్లో మేం వలస వచ్చి చేరిన సెయింట్ పాల్ ఊరి బయట కౌలుకి తీసుకున్న మడిలో పని. శనివారం సంత. ఆమె పడుకుని అలిసిపోయేది, నేను నిలబడి అలిసిపోయేవాణ్ణి.

మా అబ్బాయి ఫెంగ్, కోడలు బ్లియా ఇద్దరికీ గోదాములో రాత్రి పని. పగలంతా నిద్ర. వాళ్ళ కూతురు పా దువా యూనివర్సిటీలో మందుల చదువు చదువుతోంది. ఆ ఇంట్లో గట్టిగా నవ్వే మనిషి అదొక్కతే.

ఒక సాయంత్రం, వాళ్ళిద్దరూ పనికి బయల్దేరేముందు అందరం అన్నాలకి కూర్చున్నప్పుడు అది అంది: "వేసవిలో ఇంకో క్లాసులో చేరాను. మోంగ్ వాళ్ళ చరిత్ర, ఆచారాలు, భాష."

ఫెంగ్ చెయ్యి నోటి దగ్గర ఆగింది. "ఎవరి భాష?"

"మనదే నాన్నా."

"అంటే, నువ్వెళ్ళి నేర్పుతావా?"

"నేర్చుకుంటాను."

"మోంగ్ పిల్లవి, యూనివర్సిటీకెళ్ళి, డబ్బు కట్టి, మోంగ్ నేర్చుకుంటావు." బ్లియా వైపు తిరిగాడు. "విన్నావా నీ కూతురి తెలివి? ఏమే, వంటింట్లో నానమ్మ పక్కన కూర్చోరాదూ? బస్సు కూడా ఎక్కక్కర్లేదు. ఫీజు లేదు."

"లేదని నీకెవరు చెప్పార్రా?" అంది చోవా. ఆ రోజు మిషను దగ్గర్నుంచి వచ్చి గోడకి జారగిలబడి ఉంది. "నేనూ తీసుకుంటాను ఫీజు."

"నానమ్మ దగ్గర తిట్లు తప్ప ఏం దొరకవు నాన్నా. అవన్నీ వచ్చేశాయి."

"ఏదీ, ఒకటి చెప్పు."

చెప్పింది. బ్లియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చోవా కళ్ళు తెరవకుండానే, "మాట కుదిరింది గానీ కసి చాల్లేదు. మీ మాస్టారుకి చెప్పు, ఆ మార్కు తీసేస్తాడు" అంది.

ఫెంగ్ కూడా నవ్వాడు. లేచి చేతులు కడుక్కుంటూ, "మందుల చదువు మాత్రం చెడగొట్టుకోకు" అన్నాడు. అంతటితో అయిపోయింది.

వాళ్ళు వెళ్ళాక పా దువా నా దగ్గరికొచ్చింది. "తాతా, గోడ మీది కేంగ్ తీసుకోనా? మా లోర్ మాస్టారు వాయించడం నేర్పుతానన్నారు."

కేంగ్ అంటే చెక్క బుర్రలో ఆరు వెదురు గొట్టాలు గుచ్చిన వాద్యం. ఊపిరి వదిలినా పలుకుతుంది, పీల్చినా పలుకుతుంది. కొత్త సంవత్సరానికి దాంతో ఆడతారు, గెంతుతారు. కానీ దాని అసలు పని అది కాదు. అది మాటలు పలుకుతుంది. తెలిసిన చెవికి రాగంలా కాదు, మనిషి దగ్గర కూర్చుని చెబుతున్నట్టే వినిపిస్తుంది. మా వాళ్ళలో ఎవరైనా పోతే వాళ్ళకి దారి చెప్పేది అదే. నా నడివయసంతా చావు ఇళ్ళలోనే గడిచింది. పళ్ళు ఊడి, ఊపిరి చాలక, ఒకరోజు దాన్ని మేకుకి తగిలించాను.

ఆడపిల్లలు కేంగ్ ముట్టుకోవడం మాలో లేదు. అలా అని చెప్పాలనిపించలేదు. నా మౌనాన్ని ఎవరికి కావలసినట్టు వాళ్ళు తీసుకోవడం ఆ ఇంట్లో అలవాటే. అది స్టూలు వేసుకుని ఎక్కి, కేంగ్ దింపుకుంది.

*

షెడ్డులో మా వ్యాను పెట్టే చోట అది సాధన చేసేది. ఆ గోడకి అవతల పక్కనే చోవా మంచం.

"ఎవరే అది, బాతు మీద కూర్చున్నారా?" అని చోవా లోపల్నుంచి కేకేసేది.

"నేనే నానమ్మా!"

"అయితే ఆ బాతుని ఊపిరి లోపలికి కూడా తీసుకోమను! చస్తుంది పాపం!"

కొన్నాళ్ళకి బాతు కేంగ్ అయింది. కొత్త సంవత్సరం ఆటపాటలు ఒకటీ అరా పలుకుతుంటే చోవా దుప్పటి మీద వేళ్ళు ఆడించేది. పిల్లకి చెవి ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఆ మాటా అనలేదు.

ఒకరోజు మిషను దగ్గర్నుంచి తిరిగి వస్తుంటే, వ్యానులో చోవా అడిగింది. "ఏమయ్యా, ఊరందరికీ వాయించావు. నాకెవరు వాయిస్తారు?"

కట్టుకున్న మనిషికి తనే వాయించకూడదని మా వంశం పట్టు. అది ఆమెకీ తెలుసు. ఆమె అడిగింది అది కాదు. ఎర్ర దీపం దగ్గర వ్యాను ఆపాను. ముందు పెద్ద లారీ ఉంది.

"మిరప మొక్కల్లో కలుపు పెరిగింది. ఇవాళ తియ్యాలి" అన్నాను.

ఆమె నవ్వింది. నవ్వితే ఆయాసం వచ్చేది. "అవునవును. మిరప మొక్కలు" అంది.

ఇంటి దగ్గర ఆమెని దించి, మడికి వెళ్ళి, చీకటి పడేదాకా కలుపు తీశాను.

జులై నెలాఖరుకి క్లాసులో ఒక్కొక్కరికీ ఒక్కో పాత రికార్డింగు ఇచ్చారు. విని, మాటలు పట్టుకుని రాయాలి. కొందరికి పెళ్ళి మాటలొచ్చాయట, కొందరికి కథలొచ్చాయట. పా దువాకి థాయ్‌లాండ్‌లో శరణార్థుల శిబిరంలో జరిగిన ఎవరిదో చావు, అందులో కేంగ్ పాట వచ్చింది. నేను పెరట్లో దోసకాయలు కడుగుతుంటే చెవిలో పెట్టుకునే తీగలు పట్టుకుని వచ్చింది. "తాతా, ఇది కాస్త వింటావా? నాకొక్క మాటా అందడం లేదు."

"ఇంట్లో వద్దు" అన్నాను.

నాకు తీరిక లేదనుకుంది. సరేనని వెళ్ళిపోయింది. నేనూ ఇంకో తొట్టి నీళ్ళు పట్టుకున్నాను.

*

ఆ శనివారం సంతలో బేరం లేదు. అందరి బల్లల మీదా దోసకాయలే. సగం సరుకు మళ్ళీ వ్యానులో వేసుకుని మధ్యాహ్నానికి ఇంటికి బయల్దేరాను. మా వాకిట్లో పక్కింటివాళ్ళ కారు అడ్డంగా ఉంటే, వీధి మలుపులోనే ఆపి దిగాను. ఇంజను ఆగాక వినిపించింది.

కేంగ్. ఆటపాట కాదు. ఊపిరి తెగే పాట.

మనిషి పోయాక, ఒళ్ళు కడిగి బట్టలు తొడిగాక, వాళ్ళకి మొట్టమొదట చెప్పేది అదే. నీ ఊపిరి తెగింది, లే, మొహం కడుక్కో, బయల్దేరు అని. ఎన్నిసార్లు ఊదానో నా పెదవులకి తెలుసు.

అయితే పోయింది, అనుకున్నాను. నేను బల్ల దగ్గర నిలబడి ఎవరికో నాలుగు కాయలు ఎక్కువ వేస్తుండగా పోయింది.

వ్యాను మెట్టు మీద కూర్చున్నాను. వింటున్నాను. ఇంత తొందరగా వీళ్ళకి మనిషి ఎక్కడ దొరికాడు, అనిపించింది. మంచివాడే దొరికాడు. మలుపుల దగ్గర కొంచెం తొందరపడుతున్నాడు గానీ ఊపిరి ఎక్కడా తొణకడం లేదు. పొద్దున్న ఆమె పుల్లటిదేదైనా తెమ్మంది, తేలేదు, అనిపించింది. వీధి అవతల ఎవరో పచ్చిక కోసే మిషను తోస్తున్నారు. వెళ్ళాలి, లేవాలి అనుకుంటూ కూర్చునే ఉన్నాను.

అప్పుడు తట్టింది. డోలు ఏదీ?

చావు కేంగ్ డోలు లేకుండా మోగదు. ఒకరు ఊదుతుంటే ఒకరు కొడతారు. చెవి రిక్కించి విన్నాను. డోలు లేదు. పచ్చిక మిషను ఉంది, కేంగ్ ఉంది, అంతే.

లేచి నడిచాను. షెడ్డు తలుపు ఎత్తి ఉంది. లోపల పా దువా, నిక్కరేసుకుని, ఉత్తికాళ్ళతో, కళ్ళు మూసుకుని గుండ్రంగా తిరుగుతూ ఊదుతోంది. డబ్బాల మీద ఫోను నిలబెట్టి ఉంది. గొట్టాల మీద చెయ్యి వేశాను. పాట ఆగింది.

"తాతా!" మొహమంతా చెమట, మొహమంతా వెలుగు. "పట్టుకున్నాను! మాటలు చెవికి అందకపోతే చేతికన్నా అందుతాయేమోనని ఊదుతూ చూశాను. సగం దాకా వచ్చింది. విన్నావా? సరిగ్గా ఉందా?"

"సరిగ్గా ఉంది" అన్నాను. నిజంగానే ఉంది. అదే వచ్చిన చిక్కు.

"ఇదేం పాటో తెలుసా?" అని అడిగాను.

"చావు పాట అని రాసుంది. అందులో ఏ పాటో రాసి లేదు."

"చావు లేని ఇంట్లో ఇది ఊదితే ఆ ఇంట్లో మనిషిని పిలిచినట్టు."

అది ముందు నా మొహం చూసింది. తర్వాత గోడ వైపు చూసింది. కేంగ్ దాని చేతుల్లోంచి నా చేతుల్లోకి జారింది.

లోపలికి వెళ్ళేసరికి చోవా మంచం మీద కూర్చుని ఉంది. ఎన్నాళ్ళయిందో ఆమె తనంతట తను లేచి కూర్చుని. జుట్టు తడి చేసి దువ్వుకుంది. మంచం కింద మూట పైకి వచ్చింది. ఆ మూటలో ఆమె ఆఖరి బట్టలు. జనపనార పావడా, నల్ల చొక్కా, తన చేత్తో కుట్టుకున్న మెడపట్టీలు. ఒక్కొక్కటీ ఒళ్ళో పరుచుకుని చూసుకుంటోంది.

"వచ్చావా? ఇదిగో, పావడా మడతల్లో పురుగు కొట్టింది చూడు. ఎండలో వెయ్యవే అంటే నీ కోడలు వింటేనా."

నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"ఆపేసిందేం?" అంది. "సగంలో."

"చిన్నపిల్ల. తెలియక చేసింది."

"తెలియకపోతేనేం. బాగానే చెప్పింది."

"చోవా" అన్నాను. పేరు పెట్టి పిలవడం నాకు అలవాటు లేదు.

"ఊఁ."

ఆమె కాసేపు చూసి, పావడా మడత పెట్టుకుంటూ అంది: "సోమవారం నేను మిషను దగ్గరికి రాను. ఊరికే వ్యాను కడగకు."

*

సాయంత్రం ఫెంగ్ లేచాక ఇల్లు ఇల్లుగా లేదు.

"మందులు చేసే చదువుకి పంపితే చావు పాట నేర్చుకొచ్చావా?" అని కూతురి మీద అరిచాడు. "మనుషుల్ని బతికించే చదువు చేదయ్యిందా? అడుగు, వెళ్ళి మీ మాస్టారుని అడుగు, నానమ్మని చంపితే ఎన్ని మార్కులో!"

"ఏమండీ" అంది బ్లియా.

"నువ్వుండు!"

పా దువా లేచి వెళ్ళింది. కేంగ్‌ని దుప్పట్లో చుట్టి, తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "మళ్ళీ ముట్టుకోను తాతా" అంది. నవ్వే మనిషి ఆ ఇంట్లో ఇక ఎవరూ లేరు.

మర్నాడు పొద్దున్నే నేను వీధి గుమ్మంలో నిలబడి చోవా ప్రాణాన్ని పిలిచాను. గిన్నెలో బియ్యం, బియ్యం మీద గుడ్డు, ఒక కోడి, అగరొత్తులు. బెదిరినా, జబ్బు చేసినా మా ఇళ్ళలో చేసేదే. ఎక్కడెక్కడ తిరుగుతున్నావో, ఏ పాట విని ఎటు బయల్దేరావో, అటు చలి, అటు ఎవరూ లేరు, ఇటు నీ మంచం ఉంది, నీ మనవరాలుంది, వచ్చెయ్యి అని పిలిచాను. మామూలు మనుషులతో మాట్లాడ్డం చేతకాదు గానీ ఇలాంటివి నోటికి వస్తాయి. తర్వాత అందరం ఆమె మణికట్టుకి తెల్లదారాలు కట్టాం. పా దువా దారం ముడి పడలేదు. చోవాయే రెండో చేత్తో సాయం పట్టింది.

కోడిని ఉడికించాక దాని కాళ్ళ వేళ్ళు చూశాను. వేళ్ళన్నీ దగ్గరగా ముడుచుకుంటే ప్రాణం తిరిగొచ్చినట్టు.

"బాగున్నాయి" అన్నాను.

"బాగాలేకపోయినా బాగున్నాయనే అంటావులే" అంది చోవా. "పిలిచావు, వచ్చాను. రానన్నానా? ఇంట్లోనే ఉంటాను. మిషను దగ్గరికి మాత్రం రాను."

ఫెంగ్ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "అమ్మా. అది చేసిన తెలివితక్కువ పనికి నువ్వు..."

"దాని మీద పెట్టకురా." ఆమె వాడి తల మీద చెయ్యి వేసింది, దారాలన్నీ వాడి చెవి మీద పడ్డాయి. "మంచు కరిగి విత్తనాలు వేసినప్పుడే అనుకున్నాను, ఇక చాలని. ఎవరితో చెప్పను? నీతో అంటే ఏడుస్తావు. డాక్టరుతో అంటే ఇంకో డాక్టరుని పిలుస్తాడు. మీ నాన్నతో అంటే కలుపు తియ్యడానికి పోతాడు."

తను ఒక్కతే నవ్వింది.

"ఇక పర్వాలేదు, వెళ్ళు అని ఒక్కరన్నా అంటారేమోనని చూశాను. అందరూ తిను, తాగకు, లే, పడుకో. ఇదొక్కతే అంది. తెలియకే అంది. అయినా అంది."

పా దువా లేచి బయటికి వెళ్ళిపోయింది. మెచ్చుకోలో తిట్టో దానికి తెలియలేదు. నాకూ తెలియలేదు.

ఆ మధ్యాహ్నం మేమిద్దరమే ఉన్నప్పుడు చోవా అంది: "దాన్నలా వదిలెయ్యకు. ఆ పాట దాని గొంతులో సగంలో ఆగిపోయింది. నేను పోయాక బతికినంతకాలం అది అక్కడే ఆగి ఉంటుంది. మిగతాది నేర్పు."

"ఆడపిల్ల" అన్నాను.

"వాయించమన్నానా? నేర్పమన్నాను."

*

లోర్ మాస్టారు వచ్చాడు. పాతికేళ్ళు దాటి ఎన్నో ఉండవు, కళ్ళజోడు, ఇస్త్రీ చొక్కా. మా పిల్ల అతనికి ఎలా చెప్పిందో ఏమో, సీసా, రెండు చిన్న గ్లాసులు తెచ్చాడు. గ్లాసులు నింపి నా ముందు పెట్టి, పద్ధతి ప్రకారం మోకాళ్ళ మీద వంగి దణ్ణం పెట్టాడు.

"పెదనాన్నా, నేను వినమని ఇచ్చాను, వాయించమని కాదు. అయినా నా చేతి మీదుగానే మీ ఇంటికొచ్చింది. తప్పు నా వైపుంచండి."

ఒక గ్లాసు తాగాను. రెండోది అతన్ని తాగమన్నాను. దగ్గొచ్చింది అతనికి.

"ఆ పిల్ల పేజీ ఖాళీగానే ఉంది" అన్నాడు. "మీరు మాటలు చెబితే రాస్తుంది. వద్దంటే ఖాళీగానే వదిలేస్తాం. ఎవరూ ఏమీ అనరు."

లోపల్నుంచి చోవా గొంతు సన్నగా వచ్చింది. "మాస్టారూ! మా పిల్లకి మార్కులెన్నేశారు?"

"ఇంకా వెయ్యలేదమ్మా."

"నేను పోయాక వేస్తారా?"

అతనికి నవ్వాలో వద్దో తెలియలేదు. నా వైపు చూశాడు. నేను గ్లాసు వైపు చూశాను.

*

చావు పాటలు ఇంట్లో నేర్పకూడదు. మేం వదిలి వచ్చిన కొండల్లో కూడా, నేర్చుకునేవాణ్ణి చేలో గుడిసెకి తీసుకెళ్ళి అక్కడే నేర్పేవారు. మా మడి చివర పారలు, గొట్టాలు పెట్టుకునే రేకుల కొట్టం ఉంది. మిషను దగ్గరికి వెళ్ళాల్సిన పొద్దుల్లో పా దువాని అక్కడికి తీసుకెళ్ళాను. రానంది. "మీ నానమ్మ పంపింది" అంటే వచ్చింది. చోవాని చూసుకోవడానికి పని మానేసి బ్లియా ఇంట్లో ఉండేది. "నా మొహం చూస్తూ కూర్చోకండి, నాకు నిద్ర పట్టదు" అని చోవాయే మమ్మల్ని తరిమేది.

ముందు మాటలు. నేనొక ముక్క అనేవాణ్ణి, అది అనేది. తప్పు పోతే పార కర్ర మీద వేలితో తట్టేవాణ్ణి. మళ్ళీ మొదట్నుంచి. మాట నోటికి ఎక్కాక కేంగ్ మీద. మాట తెలిశాక దానికి మలుపుల దగ్గర తొందర పోయింది. నాకు ఓపిక ఉన్నంతసేపు అలా కూర్చునేవాళ్ళం. చుట్టూ కొయ్యని దోసకాయలు ముదిరి పసుపెక్కి పగిలిపోతున్నాయి. నా జన్మలో ఎవరితోనూ అన్ని మాటలు మాట్లాడలేదు. అందులో ఒక్కటీ నాది కాదు, అన్నీ పాటవే.

"తాతా, 'లేచి మొహం కడుక్కో' అంటుంది కదా. పోయిన మనిషికి నీళ్ళెవరు పెడతారు?"

"పెడతారు."

"ఎవరు?"

"నీకన్నా ముందు పోయినవాళ్ళు."

రాసుకోలేదు అది. కాగితం తేలేదు. ఎందుకని అడగలేదు నేను.

ఒక పొద్దున్న మడి నుంచి వచ్చేసరికి బ్లియా గుమ్మంలో నిలబడి ఉంది. ఈసారి వీధిలో ఏ పాటా లేదు. బ్లియా మొహం చూసి పా దువా కేంగ్‌ని నాకిచ్చి లోపలికి పరిగెత్తింది. నేను చెప్పులు విప్పాను. చోవా చెప్పుల పక్కన పెట్టాను. తర్వాత లోపలికి వెళ్ళాను.

*

ఇక్కడ మా వాళ్ళ అంత్యక్రియల హాళ్ళు ఎప్పుడూ ఖాళీ ఉండవు. మా వంతు రావడానికి సెప్టెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. చోవా అంతవరకూ చల్లటి గదిలో ఉంది. ఫెంగ్ పనికి పోయి వస్తున్నాడు. కూతురి ఎదురుగా కూర్చునేవాడు కాదు. అది ఉంటే వాడు వరండాలో తినేవాడు.

ఆ రోజుల్లోనూ కొట్టానికి వెళ్ళాం. ఒకరోజు చిక్కుళ్ళు కోస్తూ అది అడిగింది, తల ఎత్తకుండా. "తాతా, నేనే పంపేశానా?"

నేను కాసేపు కోశాను. "డోలు లేదుగా" అన్నాను.

"అంటే?"

"డోలు లేకుండా ఎవరూ బయల్దేరరు."

అది నిజమో కాదో నాకు తెలియదు. నాకు నేర్పినవాళ్ళెవరూ చెప్పలేదు. నోటికొచ్చింది. బుట్ట నిండాక రెండు పక్కలా పట్టుకుని మోసుకొచ్చాం.

హాల్లో డోలు గుంజకి వేలాడదీశారు. వాయించడానికి చేర్ పావ్ వచ్చాడు. వేరే వంశం వాడు, నిదానస్తుడు, ఊపిరి ఉన్నవాడు. చోవాకి జనపనార పావడా కట్టారు. పురుగు కొట్టిన చోట బ్లియా కూర్చుని నేసినట్టు కుట్టింది, వెతికినా కనబడదు. నేను ముందు వరసలో, నా పక్కన ఫెంగ్. వాడికి అవతల బ్లియా కూర్చోవలసింది, వంట దగ్గర ఎవరో పిలిస్తే లేచి వెళ్ళింది. ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డ పా దువా ఆ ఖాళీ కుర్చీలో కూర్చుంది.

డోలు మోగింది. కేంగ్ లేచింది. ఊపిరి తెగే పాట.

వెనక కుర్రాళ్ళు ఫోనుల్లో చూసుకుంటున్నారు. పెద్దవాళ్ళు కూడా చాలామంది, వింటున్నారు గానీ ఏం వింటున్నారో తెలియదు. ఆ మాటలు తెలిసిన చెవులు మాలో తక్కువైపోయాయి. మొదటి మలుపు వచ్చింది. అక్కడ చెప్పేదాన్ని అందుకుని తల వంచింది ఆ హాల్లో ముగ్గురు నలుగురు ముసలివాళ్ళు, పా దువా.

ఫెంగ్ చూశాడు. కేంగ్‌నీ, కూతురినీ మార్చి మార్చి చూశాడు. వాడికి కేంగ్ పలికే భాష రాదు. నేనెప్పుడూ నేర్పలేదు.

చాలాసేపటికి, కూతురి వైపు వంగి, గొంతు తగ్గించి అడిగాడు. "ఇప్పుడేమంటోంది?"

అది నా వైపు చూసింది. నేను డోలు వైపు చూస్తున్నాను.

"లేచి మొహం కడుక్కోమంటోంది నాన్నా. నీళ్ళు పెట్టి ఉన్నాయంట."

"ఎవరు పెట్టారు?"

"ముందు వెళ్ళినవాళ్ళు."

చేర్ పావ్ గుంజ చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. గొట్టాలు వంగి మళ్ళీ లేచాయి.

"ఇప్పుడు?"

"బట్టలు కట్టుకోమంటోంది. చెప్పులేసుకోమంటోంది."

ఫెంగ్ మోచేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. వాడి భుజాలు కదులుతున్నాయి. "ఇప్పుడు?" అన్నాడు, నేల వైపు చూస్తూ.

పా దువా వెంటనే చెప్పలేదు. తండ్రి వీపు మీద చెయ్యి వేసింది.

"ఇక పర్వాలేదు, వెళ్ళు అంటోంది నాన్నా."

ఆ మాట ఆ పాటలో లేదు. మొదట్లోనూ లేదు, చివర్లోనూ లేదు. ఫెంగ్ తలూపాడు. నా చేతి కింద కుర్చీ కర్ర ఉంది. ఈసారి వేలితో తట్టలేదు.